రెండో చరణంలో అమ్మ కేక

దయ్యాలకి భయపడాల్సిన వయసులో కూడా నేను భయపడలేదు. మా జీడితోటలో కొరివిదయ్యం తిరుగుతోందని ఊరంతా చెప్పుకుంటుంటే, బీడీ కాల్చుకుంటున్న కాపలా మనిషి అయ్యుంటాడులే అని నవ్వేదాన్ని. ఇప్పుడు పలాసలో రక్తపరీక్షలు చేసే ల్యాబులో పని. రిపోర్టులో రానిదాన్ని నేను నమ్మను. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్ళూ సిగ్గుపడ్డాను.

మాది జలంత్రకోట దగ్గర ఒక పల్లె. నాన్న చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో అమ్మ, అన్నయ్య ధర్మారావు, నేను. అన్నయ్యకి పాటల పిచ్చి. టేపురికార్డరు కొన్న రోజున దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మరీ ఇంట్లోకి తెచ్చాడు.

తన క్యాసెట్లలో ఒక సినిమా పాటలది అంటే ప్రాణం. ఒకరోజు దాని మీద తన గొంతు రికార్డు చేసుకోవాలని బుద్ధి పుట్టింది. కంపెనీ క్యాసెట్ల వెనక అంచున రెండు చిన్న గుంటలుంటాయి. వాటిలో కాగితం కుక్కితే గానీ రికార్డు కాదు. కాగితం కుక్కి ఎర్ర బటన్ నొక్కాడు. గొంతు సవరించుకునే లోపే పెరట్లోంచి అమ్మ కేక వేసింది.

"ఒరే ధర్మా, నూతికాడికెల్లి నీల్లు తేరా."

"తెత్తన్నానమ్మా" అని అన్నయ్య బటన్ ఆపేశాడు. అందులోని ఒక పాట రెండో చరణంలో ఒక లైను చెరిగిపోయి, ఆ జాగాలో ఈ మాటలు పడ్డాయి.

ఇక మా ఇంట్లో ఆ పాట అలాగే స్థిరపడిపోయింది. కూనిరాగం తీసినా సరే, ఆ చోటు రాగానే నేను నీళ్ళు తెమ్మని అరిచేదాన్ని, అన్నయ్య జవాబు చెప్పేవాడు. అమ్మ సిగ్గుపడి చెంగు అడ్డం పెట్టుకునేది. అసలు అక్కడ ఏ మాటలుండాలో ముగ్గురిలో ఎవరికీ గుర్తు లేదు.

మా ఉద్దానంలో ఎన్నో ఇళ్ళకొచ్చిన జబ్బే మా ఇంటికీ వచ్చింది. అన్నయ్యకి కిడ్నీలు పోయాయి. టెక్కలి తీసుకెళ్ళి డయాలసిస్ చేయించేవాళ్ళం. నీళ్ళు కొలిచి ఇవ్వాలన్నారు డాక్టర్లు. అమ్మ అందుకోసం ఒక చిన్న స్టీలు గ్లాసు విడిగా పెట్టింది. ఎండాకాలంలో అన్నయ్య ఇంకొక్క గుక్క అని బతిమాలేవాడు. అమ్మ ఇచ్చేది కాదు, పెరట్లోకి వెళ్ళి ఏడ్చేది. చివరి రోజు కూడా అన్నయ్య అడిగింది నీళ్ళే. అమ్మ తడిగుడ్డతో పెదాలు మాత్రం తడిపింది. అలాగే పోయాడు.

పోయినవాళ్ళకి ఇష్టమైనవి వాళ్ళతోనే పంపడం మా ఇంటి ఆనవాయితీ. క్యాసెట్లన్నీ చితి మీద పెట్టాం. టేపురికార్డరు మాత్రం అమ్మ ఇవ్వలేదు. తువ్వాలులో చుట్టి అటక మీద దాచింది.

ఆ తర్వాత అమ్మ కూడా ఆ చిన్న గ్లాసుతోనే నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. కొడుక్కి ఎంత కొలిచిందో తనకీ అంతే. తిట్టాను, కాళ్ళు పట్టుకున్నాను. "ఆడికి లేని నీల్లు నాకేలమ్మీ" అనేది. అమ్మ రక్తం పరీక్ష చేసేది నేనే. ప్రతిసారీ రిపోర్టు ముందటిదానికన్నా చెడ్డగా వచ్చేది. నాకున్న ఒక్క మనిషి నా కళ్ళముందే ఎండిపోతోంది.

నిరుడు కాశీబుగ్గలో ఓ పాత దుకాణం ముందు ఆగాను. మిక్సీలు, టీవీలు బాగుచేసే చోటు. లోపల గోడ పొడుగునా పాత రికార్డులు, క్యాసెట్లు. నా వయసు వాళ్ళం అలాంటి చోటి నుంచి ఊరికే బయటపడలేం. కాలేజీ రోజుల పాటలు ఒక్కొక్కటే ఏరుకుంటూ ఒళ్ళంతా దుమ్ము చేసుకున్నాను. అడుగున అన్నయ్య ప్రాణంగా చూసుకున్న ఆ సినిమా క్యాసెట్టే, అచ్చం అలాంటిదే ఇంకొకటి కనిపించింది. పైన కంపెనీ ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. ఇవెవలు వింతారమ్మా ఇపుడు అంటూనే దుకాణం ఆయన, నేను అటక మీంచి దించి తెచ్చిన టేపురికార్డరుకి కొత్త బెల్టు వేసిపెట్టాడు.

నిజం చెప్తే, అప్పటికి అన్నయ్య గొంతు నాకు గుర్తు లేదు. మొహం గుర్తుంది, ఫొటో ఉంది. గొంతు ఎంత వెతుక్కున్నా దొరికేది కాదు. ఇందులోనూ దొరకదని తెలుసు. పాటన్నా తోడుంటుందని కొన్నాను.

ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ప్లాస్టిక్ కాగితం నా చేత్తోనే చింపాను. వెనక గుంటలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మ గడప దగ్గర కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. వద్దంటుందేమో అనుకున్నాను, అనలేదు. పాట మొదలైంది. మొదటి చరణం అయింది. రెండో చరణంలో ఆ చోటు వచ్చేసరికి పాట ఆగిపోయింది. టేపు మాత్రం తిరుగుతోంది, సన్నగా గాలి రొద వినిపిస్తోంది.

అమ్మ తలెత్తింది. పాత కేక వేస్తుందనుకున్నాను. టేపురికార్డరు వైపు చూస్తూ, పక్కన మంచం మీద మనిషిని అడిగినట్టు నెమ్మదిగా అడిగింది.

"దాగం తీరిందేటిరా నాయినా?"

"తీరిపోనాదమ్మా."

అది అన్నయ్య గొంతు. విన్న క్షణమే గుర్తొచ్చింది, ఇన్నాళ్ళూ ఎలా మరిచిపోయానా అనిపించింది. వెంటనే పాట అందుకుంది. అమ్మ చేతులు కడుక్కుని లోపలికెళ్ళింది. పెద్ద చెంబుతో నీళ్ళు ముంచుకుని, నిలబడే గటగటా తాగింది. గొంతు మీదుగా కారి చీర తడిసింది. తాగుతూనే ఏడ్చింది.

తర్వాత వెనక్కి తిప్పి వేశాను. పాట ఎక్కడా ఆగలేదు. ఆ చోట వెన్నెల గురించి ఏవో మాటలున్నాయి, అందమైనవే. మళ్ళీ వేశాను. తెల్లారేక దుకాణానికి పట్టుకెళ్ళి వేరే టేపురికార్డరులో పెట్టించాను. అక్కడా అదే వెన్నెల.

టేపు చదివే హెడ్డు మీద దుమ్ము పడి పాట ఆగిందనుకుంటే ఆ గాలి రొదకి ఒక లెక్క దొరుకుతుంది. ఆ జవాబుకి దొరకదు. నేనొక్కదాన్నే వినుంటే భ్రమ అని సరిపెట్టుకునేదాన్ని. ఏమన్నాడో అమ్మని విడిగా అడిగాను. నేను విన్న మాటే చెప్పింది.

అమ్మ ఇప్పుడు చెంబుతోనే తాగుతోంది. రిపోర్టు కుదుటపడింది. ఆ చిన్న గ్లాసు ఎక్కడికి పోయిందో నేను అడగలేదు.

ఆదివారాలు ఇద్దరం ఆ పాట వేసుకుంటాం. రెండో చరణం రాగానే అమ్మ చేతిలో పని ఆపుతుంది. నేను ఊపిరి బిగబడతాను. పాట ఎక్కడా తెగకుండా సాగిపోతుంది.