గంధం పూసిన గాజుకన్ను

ఆ కబురు నాకు మొదట తెచ్చింది పక్క క్వార్టరు వదిన. మిల్లులో యంత్రాలకి విశ్వకర్మ పూజ అయిన మర్నాడు, మిట్టమధ్యాహ్నం, చెయ్యి కూడా కడుక్కోకుండా వచ్చింది.

"మీ ఆయన మిల్లులో ఎర్రటి కడ్డీ ఆగకుండా పోయి అడ్డుదిమ్మని గుద్దేసినాదట వదినా. మీ ఆయన్నే అడుగుతన్నారట."

"మనుషులకేటైనా అయిందా?"

"ఏటీ కాలేదు. ప్రభువు కాసినాడు."

ఆమె ప్రభువుకీ, మా అప్పన్న స్వామికీ కలిపి దండం పెట్టుకున్నాను. మా వారు ఉక్కు ఫ్యాక్టరీ రోలింగు మిల్లులో ఎలక్ట్రీషియను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అది పోతే క్వార్టరు కూడా పోతుంది.

సాయంత్రం వచ్చి, "గాజుకన్ను పనిచెయ్యలేదు" అన్నారు. ఆ కన్ను ఎలా పనిచేస్తుందో అప్పటిదాకా నేను అడగనే లేదు.

"కాలిన ఇనుం ఎలుగు ఆ గాజులోంచి లోపలి రేకు మీద పడితే కరెంటు పుడతాది. ఆ కరెంటే రోలర్లని ఆపుతాది."

"ఎలుగు తగిలితేనే కరెంటు పుడతాదా?"

"ఆఁ. తగల్లేదంటే దానికి ఇనుం వచ్చినట్టే తెలీదు. గాజు మీద ఎవరో గంధం మెత్తేసినారు."

పూజ నాడు ప్రసాదం పట్టుకెళ్లడానికి వచ్చిన, మిల్లులో కూలిపని చేసే ముసలి ఖలాసీకి గంధం అరగదీసి ఇచ్చింది నేనే. నా మనిషిని రోజూ కాచే కన్ను కదా అని, "దానికి బొట్టు పెట్టు దాదా" అని మరీ చెప్పాను. అతను కుమ్హారి అనే ఊరి వైపు నుంచి రైల్లో వచ్చే ఛత్తీస్‌గఢీ మనిషి. నన్ను కోడలిలా చూసి బహూ అని పిలిచేవాడు.

అంతా చెప్పేశాను.

"నా నుదుట పెట్టింది చాల్లేదేటే నీకు?" అన్నారు మా వారు.

ఉన్నదున్నట్టు చెప్పాలనే మర్నాడు ఇంజినీరు గదికి వెళ్లారు. అప్పటికే ఖలాసీ అక్కడ నిలబడి ఉన్నాడట.

"బొట్టు నేనే పెట్టాను సాహెబ్, కరెంటు మిస్త్రీకి తెలీదు" అంటున్నాడట హిందీలో.

"మా ఇంటిదే పెట్టమంది" అని మా వారు అడ్డుపడ్డారు. ముసలాయన తల అడ్డంగా ఊపాడట.

"బహూ ప్రసాదమే ఇచ్చింది. బొట్టు నా బుద్ధే."

మా వారి ఉద్యోగం నిలిచింది. అతన్ని మిల్లులోంచి తీసి తుక్కు యార్డులో వేశారు. ఆ వయసులో, ఎండలో. నేను కన్నీళ్లతో క్షమాపణ అడిగితే, "పూజే కదమ్మా చేశావు" అన్నాడు.

మా పిల్లలు తిన్న ప్రతి ముద్దలోనూ అతని మాట ఉంది. చదివిన మీరు దేవుడి ముందు చేతులు జోడించినప్పుడు, ఆ ముసలి ఖలాసీని ఒక్కసారి తలచుకోండి.