తాబేలు మెడల బంతిపూల దండ

పోయిన శుక్రవారం నేను చేసిన పనికి మా కాలేజీల ఇంకా నవ్వుతాండ్రు. నవ్వనోళ్లం ఇద్దరమే, మా ప్రిన్సిపాల్, నేను. చాయ్ తాగుకుంట వినుండ్రి, మీరు గూడ నవ్వుతరు.

నేను కంప్యూటర్ పాఠం చెప్త గద. కాలేజీ మొత్తానికి ఉన్నదే ఒక్క కంప్యూటర్. అది ఏసీ రూముల, తాళమేసి ఉంటది. పిల్లలు ప్రోగ్రాములు కాయితం మీద రాసుడే. సగంమంది క్లాసుకే రారు, వచ్చినోళ్లు నిద్రపోతరు. వర్ధన్నపేట నుంచి బస్సుల వచ్చే కొమురయ్యను ఒకనాడు లేపి అడిగిన, ఎందుకు పండుకున్నవని. "సార్, మీరు ఈత నేర్పుతాండ్రు గని బాయి చూపిస్తలేరు" అన్నడు. నిజమే గద.

అంతల ప్రిన్సిపాల్ పిలిచి, "పిల్లలు రాకపోతె వచ్చే ఏడు ఈ కోర్సు బంద్. నువ్వు లెక్కలు చెప్పుకో" అన్నడు. నాకు ఫికర్ పట్టుకున్నది. ఫారిన్ల రోబోలతోని ప్రోగ్రాములు నేర్పుతాండ్రని ఏదో పత్రికల చదివి ఉంటి. మనమెందుకు చెయ్యొద్దు అనుకున్న. స్టీలు డబ్బాకు బొమ్మకార్ల మోటార్లు, చక్రాలు బిగించి, పొడుగు వైరుతోని కంప్యూటర్‌కు కలిపిన. ముందట ఒక చిన్న స్విచ్చి. దేనికన్న తగిలి స్విచ్చి ఒత్తుకుంటె అది ఆగాలె. పిల్లలు దానికి తాబేలు అని పేరు పెట్టిండ్రు. దాన్ని నడిపే ప్రోగ్రాము రాసుకుంట కాలేజీ ఇడిసినంక గూడ కూసున్నరు. కొమురయ్యయితె బస్సు గూడ పోగొట్టుకున్నడు. నా పానం ఎంత సంబురపడ్డదో.

శుక్రవారం తాబేలును అందరికి చూపెట్టేటందుకు కంప్యూటర్‌ను హాలుకు తెచ్చి టేబుల్ మీద పెట్టినం. ముందు వరుసల ప్రిన్సిపాల్. "పూజ చెయ్యకుంట మెషీన్ ఎట్ల నడుపుతవయ్యా?" అన్నడు. బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తాబేలుకు లావు బంతిపూల దండ ఏసిన. నా చేతులతోనే, సక్కగ స్విచ్చి మీదికి వచ్చేటట్టు.

తాబేలు కదిలింది. చప్పట్లు. తిన్నగ పోయి ప్రిన్సిపాల్ కాళ్లకు తగిలింది. ఆగలే. పూలు మెత్తగుండె, స్విచ్చి ఒత్తుకోలే. ఆయన కాళ్లు పైకి తీసుకుని "ఆపవయ్యా" అంటాండు. అది కుర్చీ కింద దూరి అవుతలికి పోతాంది. వైరు బిగుసుకుని టేబుల్ మీద కంప్యూటర్ జరగబట్టింది. "సార్, కంప్యూటర్" అని కొమురయ్య మొత్తుకున్నడు. నేను కంప్యూటర్ దిక్కు పోవాలె గద? తాబేలు దిక్కు ఉరికిన. దాన్ని ఎత్తి ఎదకు గుంజుకున్న. ఆ గుంజుడుకే కంప్యూటర్ కిందపడ్డది.

హైదరాబాద్ నుంచి మెకానిక్ వచ్చి చూసి, ఇది ఇగ బాగుగాదని పనిముట్ల పెట్టె మూసి పోయిండు. ప్రిన్సిపాల్ కోర్సు బంద్ అన్నడు. తాబేలుకు గీత గూడ పడలే. నా టేబుల్ మీద కూసున్నది, నడిపేటందుకు ఏం లేక.

సోమవారం ఆఖరి పరీక్ష పెట్టిన. ఆగని లూపుకు, అంటె ఆగుమన్న మాట అందక చేసిందే చేసుకుంట పోయే ప్రోగ్రాముకు, ఒక ఉదాహరణ రాయుండ్రి అని అడిగిన. అందరు తాబేలు కథే రాసిండ్రు. కొమురయ్య అంత గూడ రాయలే. "ఉదాహరణ: మా సారు" అని రాసి ఊకున్నడు.

తప్పని ఎట్ల కొట్టేస్త? ఫుల్ మార్కులు ఏసిన.