అయిదు మచ్చలు

మా స్టూడియోలో అతని అసలు పేరు ఎవరూ వాడరు. మొహం మీద ముడత కనిపిస్తే చాలు సాపు చేసేస్తాడని ‘ఇస్త్రీ’ అని పేరు పెట్టాం. నేను కెమెరా పట్టేవాణ్ణి, అతను ఆ ఫొటోలు కంప్యూటర్లో దిద్దేవాడు. పదహారేళ్లుగా పక్కపక్క కుర్చీలు మావి. మొటిమలు, మచ్చలు, కళ్లకింద నలుపు, అన్నీ చిటికెలో మాయం చేసేవాడు.

‘‘నువ్వు దిద్దాక పెళ్లికూతుర్ని పెళ్లికొడుకే గుర్తుపట్టడు’’ అని ఏడిపించేవాణ్ణి.

‘‘గుర్తుపడితే మళ్లీ మన గడప తొక్కరన్నా’’ అనేవాడు.

వాళ్లమ్మ పోయిన అయిదో రోజునే పనిలోకి వచ్చాడు. ఇంకో రెండ్రోజులు ఇంట్లో ఉండకపోయావా అంటే, ‘‘ఉండి ఏం చెయ్యాలన్నా?’’ అన్నాడు. కంట్లో తడి లేదు. రాతిగుండె మనిషని మిగతావాళ్లు గుసగుసలాడితే నాకు ఒళ్లు మండింది. ఏడిస్తేనే బాధ ఉన్నట్టా అని కసిరాను. నిజం చెప్పొద్దూ, నాకూ లోపల అదే అనుమానం.

ఆ మధ్యాహ్నం వాళ్లక్క ఒక పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చింది. తన పాత ఫోన్ పాడయ్యేముందు ఈ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్న ఒకే ఒక ఫొటో. అమ్మ మొహం దగ్గరగా, తేటగా ఉన్నది అదొక్కటే.

‘‘పెద్దది చేసి ఫ్రేము కట్టించరా’’ అని చెప్పి, కిందికి టీ తాగడానికి వెళ్లింది.

మా పనిలో మొదటి పాఠం, అసలు ఫొటోని ముట్టుకోకూడదు. నకలు తీసుకుని దానిమీదే దిద్దాలి. కస్టమర్ల ఫొటోలప్పుడు అతను ఎన్నడూ ఆ మాట మరవలేదు. ఇది ఇంటి ఫొటో, నకలు తియ్యడం మరిచాడు. చెయ్యి దానంతటదే నడిచింది. నుదుటి ముడతలు, బుగ్గల మీది గుంటలు, గడ్డం మీది మచ్చ, పది నిమిషాల్లో అన్నీ పోయాయి. అలవాటుకొద్దీ సేవ్ చేసి మూసేశాడు.

అక్క వచ్చాక తెరిచి చూపించాడు.

‘‘ఎవర్రా ఈవిడ?’’

‘‘అమ్మే.’’

‘‘మచ్చ ఏదిరా? చిన్నప్పుడు నువ్వు పలక విసిరితే తగిలిన దెబ్బ కదరా అది! ‘నా కొడుకు పెట్టిన సంతకం’ అని అందరికీ చూపించేది.’’

అసలు ఫొటో ఇక లేదు. వెతకాల్సిన చోటల్లా వెతికాం. అతను కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

‘‘నా బుగ్గ దగ్గరగా తియ్యన్నా. అమ్మ చర్మమే కదా.’’

తీశాను. అందులోంచి సన్నటి గీతలూ గరుకూ తీసుకుని అమ్మ మొహానికి అతికించాడు. ప్లాస్టిక్ బొమ్మలా ఉన్న మొహం మళ్లీ మనిషి మొహమైంది. అక్క కాస్త ఊపిరి పీల్చుకుంది.

ఇక మిగిలింది మచ్చ. గడ్డానికి ఎడమపక్కన అని అక్క చెప్పింది. అడ్డంగా ఉండేదా, ఏటవాలుగానా? పెసరగింజంతా, చింతగింజంతా? వేలమంది మచ్చల్ని పెద్దవి చేసి చూసినవాడు, కన్నతల్లి మచ్చని సరిగ్గా చూసుకోలేదు. అయిదు రకాలుగా గీశాడు. అయిదు మొహాలూ వరసగా తెరమీద పెట్టి, ‘‘ఏదక్కా?’’ అన్నాడు.

అక్క కళ్లజోడు తుడుచుకుని మొదటిది చూసింది. చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చింది.

‘‘ఏమోరా... నాకూ గుర్తులేదు’’ అంది.

అప్పుడు ఏడ్చాడు ఇస్త్రీ. చెయ్యి మాత్రం మౌస్ మీదే ఉంది.