పళ్లెం పిన్ని మూర

వలలు అల్లే ఆవిడను రేవులో అందరూ పళ్లెం పిన్ని అంటారు. వారానికోసారి తెల్లటి పళ్లేనికి తాడు కట్టి, పడవలోంచి నీళ్లలోకి దించుతుంది. అది కంటికి ఆనకుండా పోయేసరికి ఎన్ని ముడులు మునిగాయో నోట్‌బుక్కులో రాసుకుంటుంది. ముడికీ ముడికీ మధ్య ఒక మూర, అంటే ఆవిడ మోచేతి నుంచి వేలి కొస దాకా.

పొలాల ఎరువూ, ఊరి మురుగూ దిగి తీరంలో నీళ్లు పచ్చగా చిక్కబడి, చేపలు చచ్చి తేలిన ఏడాది పట్టిందావిడకు ఈ పిచ్చి. ఆ పచ్చదనాన్ని ఆల్చిప్పలు తిని పెరుగుతాయని విని, తాళ్లకు పిల్ల ఆల్చిప్పలు పట్టించి నీళ్లలో వేలాడదీసింది. పెరిగినవాటిని ఏటా పైకి లాగేస్తే, అవి తిన్న మురికీ వాటితోపాటే గట్టెక్కుతుంది. లాగీ లాగీ నడుం పడిపోయేది, మానలేదు.

మొదట్లో పళ్లెం మూడు మూరల దాకానే కనిపించేది. మూడేళ్లలో అది అయిదు కాకపోతే తాళ్లన్నీ తీసేయాలని రేవు అధికారి షరతు పెట్టాడు, పడవలకు అడ్డమట. గడువు రోజున ఆయనే పడవెక్కి, ఎందుకైనా మంచిదని తాడు తనే పట్టుకున్నాడు.

నాలుగో ముడి మునగగానే పళ్లెం మాయమైంది.

పిన్ని గబగబా నోట్‌బుక్కు తిరగేసింది. పోయిన వారం అయిదుకు పిసరు తక్కువ ఉంది కదా!

"ఇక తాళ్లు తీసేయండమ్మా," అన్నాడాయన.

నమ్మబుద్ధి కాక, తాడు లాక్కుని ముడి మీద మోచెయ్యి ఆనించింది. వేలి కొస పక్క ముడికి అందలేదు, ఆరు వేళ్ల ఎడం మిగిలింది.

"ఈ తాడు ఎవరు ముట్టుకున్నారు?"

తెడ్డు వేస్తున్న మరిది నసిగాడు. "నేనే వదినా. పాతది పీలికలైపోయిందని నిన్న కొత్తది కట్టా. మూరకో ముడే వేశాగా?"

"ఎవరి మూర నాయనా?"

మరిది తన చెయ్యి చూసుకున్నాడు. మనిషి నిచ్చెనంత ఉంటాడు, చెయ్యీ దానికి తగ్గట్టే ఉంటుంది.

పిన్ని తాడు తడిసినంత మేరా తన చేత్తో కొలిచింది. నాలుగు దాటింది. అయిదో మూర సరిగ్గా తడి ఆగినచోటే ఆగింది. అధికారి వంగి చూసి, పకపకా నవ్వాడు.

పిన్నికి మాత్రం ఏడుపు ఆగలేదు. మూడేళ్లుగా బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది. కళ్లు తుడుచుకుని మరిది వైపు తిరిగింది.

"ఇంకెప్పుడూ నాకు సాయం చెయ్యకు, నీకు పుణ్యముంటుంది!"

తాళ్లు ఉండొచ్చని కాగితం రాస్తూ అధికారి కలం ఆపాడు. 'అయిదు మూరలు' అన్న మాట పక్కన 'పిన్ని చేతితో' అని చేర్చి సంతకం పెట్టాడు.