షట్టర్ లోపలి ముచ్చట

భార్యను ఊళ్లో వదిలి అమ్రోలికి మగ్గాల పనికి వలసొచ్చిన రాజనర్సు, కారు లేని ఒక గ్యారేజీలో ఒంటరిగా అద్దెకుంటాడు. మరమగ్గాల మోతకు చెవులు మొద్దుబారి, గుసగుసగా మాట్లాడుతున్నాననుకుంటూనే అరుస్తాడు. చాటుగా తాగడానికని కుండీలో గంజాయి విత్తు వేశాడు గానీ, మొక్క ఎదిగాక ఆకు తెంపబుద్ధి కాలేదు. చలికాలం వచ్చాక, పని నుంచి రాగానే జుట్టుకంటిన దారప్పీచు దులపకుండానే దానికి చీరముక్క కప్పి, "జర ఓర్సుకో, ఎండొస్తది" అనేవాడు.

ఒకనాడు పక్కింటి లింగవ్వ షట్టర్ తట్టింది. "ఎన్నడూ రాని పెండ్లాం వచ్చిందా తమ్మీ? ముచ్చట్లు ఇనబడుతున్నయ్. జర చూపియ్యరాదు!" మొక్క ఆమె కంటబడితే జైలే. "సలికి పండుకుందక్కా" అని అడ్డం నిలబడ్డాడు. ఆమె వెళ్లగానే మొక్కను పీకి తాపీ నదిలో పారేసి వచ్చాడు. మర్నాడు ఇద్దరికీ రొట్టెలు తెచ్చిన లింగవ్వతో, ఊరికి పోయిందన్నాడు.

"అప్పుడే పంపినవా? నాల్గొద్దులు ఉంచుకోకపోయినవా?"

"నాకూ ఉంచుకోవాల్ననే ఉండె, అక్కా."