సలోమి టీచరు శనివారం తాడు

మా ఊరి సలోమి టీచరు పదహారు మూరల కొబ్బరి తాడుతో కువైట్ నుంచి ఒక మనిషిని లాక్కొచ్చింది. నా కళ్లతో చూశాను.

సరే, పదహారు మూరలు కాదు, పన్నెండు. ఆ తాడు కువైట్ దాకా వెళ్లలేదు కూడా. నాలుగో తరగతి గదిలో కిటికీ ఊచకీ తలుపు గెడకీ మధ్యనే ఉండేది. నేను కళ్లతో చూసింది ఆ మనిషి ఆటో దిగడం ఒక్కటే. మిగిలినదాంట్లో ఎంత కోత పెట్టుకుంటారో మీ ఇష్టం. ఆ ఆటో మాత్రం వచ్చింది.

సలోమికి నలభై ఆరేళ్లు. ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు వస్తే తగిలే మా ఊళ్లో, సర్కారు ప్రాథమిక పాఠశాల టీచరు. వాళ్ల తాత మా పొలంలో పని చేసేవాడు. మా నాన్న ఆయన్ని పేరు పెట్టి పిలవడం నేనెప్పుడూ వినలేదు, ‘ఒరేయ్’తోనే సరిపోయేది. ఇప్పుడు ఆయన మనవరాలు సలోమి నా మనవరాలు భవాని ఇంగ్లీషు దిద్దుతోంది, సందు దొరికితే నాదీ దిద్దుతోంది. నేను కాకినాడ కాన్వెంటులో సిస్టర్ల స్కేలు దెబ్బలు తిని నేర్చుకున్నవాణ్ణి. ఆమె డిగ్రీ దాకా తెలుగు మీడియం. బడి ఇంగ్లీషు మీడియంలోకి మారినప్పుడు, రేపటి పాఠం ఇవాళ వంటింట్లో గిన్నెలకి చెప్పుకుని మరీ వెళ్లేది. వాళ్లమ్మ బహ్రెయిన్‌లో పదకొండేళ్లు ఇంటిపని చేసి చదివించింది. చిన్నప్పుడు సలోమి ప్రతి శుక్రవారం మూడు కిలోమీటర్లు నడిచి ఉప్పలగుప్తం ఫోను బూతు బెంచీ మీద కూర్చునేది. గల్ఫులో శుక్రవారం సెలవు కాబట్టి ఫోను వస్తే ఆ రోజే రావాలి. కొన్ని శుక్రవారాలు బూతువాడు షట్టరు దించేదాకా కూర్చుని తిరిగొచ్చేది.

ఇక తాడు సంగతి. ఒక పని ఎంత తరచుగా చేస్తామో చెప్పే ఇంగ్లీషు మాటలు ఉన్నాయి కదా, ఆల్వేస్, యూజువల్లీ, సమ్‌టైమ్స్, రేర్లీ, నెవర్. పిల్లలు వాటిని పాటలా అప్పజెప్పేవారు గానీ ఒక్కటీ తమ బతుకులోకి తెచ్చుకునేవారు కాదు. సలోమి గదికి అడ్డంగా తాడు కట్టింది. కిటికీ వైపు ఆల్వేస్ అట్టముక్క, తలుపు వైపు నెవర్, మధ్యలో మిగిలినవి. పిల్లలందరికీ బట్టలు ఆరేసే క్లిప్పు ఒక్కొక్కటి, దాని మీద పేరు. శనివారం పుస్తకాల సంచి లేని రోజు. ఆ రోజు ప్రతివారం అవే నాలుగు ప్రశ్నలు. పళ్లు తోముకుంటావా? కూర పారెయ్యకుండా తింటావా? అబద్ధాలాడతావా? అమ్మతో మాట్లాడతావా? ఎవరి క్లిప్పు వాళ్లు తగిన చోట తగిలించి ఆ వాక్యం పైకి చెప్పాలి. పళ్ల ప్రశ్నకి తరగతి మొత్తం ఆల్వేస్ దగ్గరికి తోసుకునేది. “నోళ్లు తెరవండి చూద్దాం” అనగానే సగం క్లిప్పులు వెనక్కి జరిగేవి.

ఒక శనివారం నన్నూ పిలిచింది.

“తాతగారూ, మీరు అబద్ధాలు ఎంత తరచుగా ఆడతారండి?”

నేను పెద్దమనిషిలా వెళ్లి నాకిచ్చిన క్లిప్పు రేర్లీ దగ్గర తగిలించాను. భవాని స్టూలెక్కి, నా క్లిప్పు పీకి, ఆల్వేస్ అంచున, ఇంకా చోటుంటే కిటికీ బయట పెట్టేలా తగిలించింది. గది గోలగోల అయింది.

ఆ గోలలో ఒక పిల్ల లేచింది. నిఖిత. తొమ్మిదేళ్లు. తండ్రి పోయాడు, తల్లి కరుణ కువైట్‌లో ఇంటిపని చేస్తోంది, నానమ్మ కృపమ్మ దగ్గర పెరుగుతోంది.

“ఎవరైనా చెప్పమంటే చెప్పినవి కూడా లెక్కేనా అండి?” అని అడిగింది.

“అవి ఉచితం!” అన్నాను నేను. మళ్లీ నవ్వులు. సలోమి నవ్వలేదు.

మరుసటి శనివారం ఏం జరిగిందో భవాని చెప్పింది. జూలైలో నిఖిత క్లిప్పు నాలుగో ప్రశ్నకి ఆల్వేస్ దగ్గరే ఉండేది. ప్రతి శుక్రవారం మాట్లాడితే అదీ ఆల్వేసేనని టీచరు రూలు పెట్టింది. సెప్టెంబరులో అది యూజువల్లీకి, తర్వాత సమ్‌టైమ్స్‌కి జరిగింది. ఆ శనివారం నిఖిత లేవనే లేదు. క్లిప్పేదని టీచరు అడిగితే చేతులు బల్ల కింద దాచుకుంది. సలోమి వెళ్లి ఆ చెయ్యి బయటికి తీసింది. క్లిప్పు పిల్ల చిటికెన వేలికి ఉంది. ఎప్పటినుంచి పెట్టుకుందో, వేలు నీలంగా కమిలిపోయింది.

ఆ సాయంత్రమే సలోమి కృపమ్మ ఇంటికి వెళ్లింది. పక్క వీధి గనక, పని ఉన్నట్టు నేనూ వెళ్లాను.

“ఫోను రాకేటమ్మా? నిన్న కూడా చేసింది” అంది కృపమ్మ.

నిజమే అనుకున్నాను. ప్రతి శుక్రవారం ఆమె అరుగు మీద కూర్చుని, వీధి మొత్తానికీ వినిపించేలా, “ఆఁ కరుణా, తిన్నావా? ఇక్కడంతా బాగానే ఉన్నామే” అని మాట్లాడటం నేనే విన్నాను.

“అత్తా, ఓసారి ఫోనిలా ఇవ్వండి” అంది సలోమి.

కృపమ్మ ఇవ్వలేదు. నిఖితే లోపలికెళ్లి తెచ్చిచ్చింది. కువైట్ నంబరు నుంచి చివరి ఫోను వచ్చి యాభై రోజులైంది. ఏడు శుక్రవారాలుగా ఆ ముసలమ్మ ఉత్త ఫోను చెవికి పెట్టుకుని మాట్లాడింది. ఎవరైనా అడిగితే అమ్మ ఫోను చేసిందని చెప్పమని పిల్లకీ నేర్పింది. అబద్ధాలలో ఆరితేరిన నేను అరుగెదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని కూడా పసిగట్టలేకపోయాను.

“ఎందుకత్తా ఇలాగ?” అంది సలోమి.

“ఫోను రావటం లేదంటే ఊళ్లో ఏమంటారో నీకు తెలీదా అమ్మా? ఎవడితోనో పోయిందంటారు. రేపది తిరిగొస్తే ఈ వీధిలో నడవాలా వద్దా?” కృపమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. “ఆఖరిసారి ఏడ్చిందమ్మా. అత్తా, నన్ను తీసుకెళ్లిపోండి అంది. ఇంతలో ఎవరో లాగేసుకున్నట్టు ఫోను ఆగిపోయింది.”

కరుణ ఏ ఇంట్లో ఉందో కృపమ్మకి తెలియదు. తెలిసినవాడు లోవరాజు ఒక్కడే, ఆమెని పంపిన ఏజెంటు. సోమవారం సలోమి సెలవు పెట్టి, నన్ను తోడు తీసుకుని, అమలాపురంలో అతని గదికి వెళ్లింది.

“ఏ ఇబ్బందీ లేదండి. ఆ ఇంటి మేడంగారు ఫోను వాడనివ్వటం లేదంతే” అన్నాడు లోవరాజు నవ్వుతూ. “మీరు గోల చేసేరనుకోండి, పారిపోయిందని వాళ్లే కేసెడతారు. అప్పుడు జైలేనండి. టీచరుగారూ, మీరు పాఠాలు చెప్పుకోక ఇవన్నీ ఎందుకండి?”

సలోమి ఓపిగ్గా ఇంటి చిరునామా అడుగుతోంది. నాకు ఓపిక లేకపోయింది. చేతికర్ర బల్ల మీద పెట్టి, ఢిల్లీలో విదేశాంగ శాఖ పెద్ద అధికారి నా కాన్వెంటు క్లాస్‌మేటనీ, పొద్దున్నే మాట్లాడాననీ, సాయంత్రానికి ఇక్కడికి పోలీసులొస్తారనీ చెప్పాను. లోవరాజు మొహం పాలిపోయింది. మాకు గోళీసోడా తెప్పించాడు. చిరునామా కాగితం వెతికి రేపిస్తానన్నాడు. నేను మీసం దువ్వుకుంటూ బయటికొచ్చాను.

“ఎందుకు చెప్పేరండి అలాగ?” అంది సలోమి మెట్లు దిగుతూ. “ఆయన దగ్గర మనకి కావలసింది ఒక్క చిరునామా. భయపడ్డవాడు ఇస్తాడా అండి?”

మర్నాడు వెళ్తే ఆ గదికి తాళం. ఫోను స్విచాఫ్. వారమైనా, రెండు వారాలైనా అంతే. కరుణ దాకా వెళ్లే ఒక్క దారినీ నేనే మూసేశాను. నా కోతలు ఎవరికీ నష్టం చెయ్యవని డెబ్బై ఏళ్లుగా అనుకుంటున్నవాణ్ణి.  

కృపమ్మ బైబిలు జిప్పు కవరులోంచి కరుణ పాస్‌పోర్టు జిరాక్సు దొరికింది. దాంతో అక్కడి మన రాయబార కార్యాలయానికి రాద్దామంది సలోమి. ఉత్తరం నేను రాశాను. కాన్వెంటు ఇంగ్లీషులో రెండు పేజీలు, సిస్టర్లు చదివితే కన్నీళ్లు పెట్టుకునేలా. సలోమి చదివి, మడిచి, నా చేతిలో పెట్టి, తనే ఇంకొకటి రాసింది. అయిదే వాక్యాలు. ఆమె ఎప్పుడూ శుక్రవారమే ఫోను చేస్తుంది. రెండేళ్లలో ఒక్కసారీ మానలేదు. ఆగస్టు ఇరవై రెండు తర్వాత చెయ్యలేదు. చివరిసారి ఏడ్చింది. ఆమె కూతురికి తొమ్మిదేళ్లు. దిద్దడానికి అందులో నాకేమీ దొరకలేదు.

ఉత్తరం పంపిన నాలుగో రోజున హెడ్మాస్టరు ప్రకాశరావు ఆమెని పిలిచాడు. తరగతిలో పిల్లల చేత ఇంటి గుట్లు చెప్పిస్తోందని ఆమె మీద మండలం ఆఫీసుకి సంతకం లేని అర్జీ వచ్చింది. రాసింది లోవరాజేనని ఊహించడానికి తెలివి అక్కర్లేదు.

“నాకు తెలుసమ్మా, మంచిపనే. కానీ ఆ తాడు తీసెయ్యి. మళ్లీ అర్జీ వస్తే నిన్ను నేను కాపాడలేను” అన్నాడాయన.

“ఆయ్” అంది సలోమి. తాడు చుట్టి బీరువాలో పెట్టింది. సంజాయిషీ రాసి ఇచ్చింది. నిఖితని మాత్రం వరండాలోకి పిలిచి, “ఇకనుంచి మీ అమ్మ గురించి ఎవరడిగినా ‘నాకు తెలీదండి’ అను. అది అబద్ధం కాదు కదా?” అని చెప్పింది. పిల్ల, కాదండి అంది.

నాలుగు వారాలు ఏ కబురూ లేదు. ఆ నాలుగు వారాలూ కృపమ్మ అరుగు మీదికి రాలేదు. ఊరు అననే అంది, ఆమె భయపడ్డ మాటలే. సలోమి రోజూ మధ్యాహ్నం ఫోనులో మెయిలు చూసుకుని, అన్నం డబ్బా మూత పెట్టేసేది. సగం అన్నం అందులోనే ఉండేదని భవాని చెప్పేది.

నవంబరు చివర జవాబు వచ్చింది. కరుణ దొరికింది. ఆ ఇంట్లోంచి తప్పించుకుని వేరే పేటలో తెలుగువాళ్ల గదిలో దాక్కుని ఉంది. ఇంటికి ఫోను చేస్తే మీ అత్తనీ పిల్లనీ పోలీసులు పట్టుకుంటారని ఎవరో చెబితే నమ్మింది.

డిసెంబరు రెండో వారంలో ఆటో దిగింది. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, ముంజేతి మీద పాత కాలిన మచ్చ. గుమ్మంలో నిలబడి “నిక్కీ” అంది. పిల్ల నానమ్మ వెనక్కి వెళ్లి చీర పట్టుకుంది. రెండు రోజులు తల్లి దగ్గరికి వెళ్లలేదు. మూడో రోజు కరుణ బడి దాకా వెనకాలే నడిచింది. గేటు దగ్గర నిఖిత వెనక్కి తిరిగి చూసింది. మెట్టు మెట్టుకీ చూసింది. గంట కొట్టినా కరుణ అక్కడే ఉంది.

“లీవు ఎన్నాళ్లమ్మా?” అని అడిగినవాళ్లకి “రెండు నెలలండి” అని కృపమ్మే చెబుతోంది. నిఖితని అడిగితే “నాకు తెలీదండి” అంటోంది.

ఇదంతా రాసి, ఊరి గుర్తులూ పేర్లూ మార్చి, సలోమికి చదివి వినిపించాను. నోటుబుక్కులు దిద్దుతూ చివరిదాకా విన్నది. తర్వాత పెన్ను మూతపెట్టి, గేటు దగ్గర ఎవరూ లేరని చూసుకుని, నా వైపు తిరిగింది.

“ఇందులో ఒక్క ముక్క కూడా జరగలేదండి. నేను ఎవరింటికీ వెళ్లలేదు, ఎక్కడికీ ఉత్తరం రాయలేదు. ఆ అమ్మాయి లీవు మీద వచ్చింది. అంతే.”