కూరలో అన్నం కలుపుకోమన్న సిస్టరమ్మ

మొదటి షిఫ్టు దిగి, ప్లాంటు గేటు బయట సెల్‌ఫోను ఆన్ చేశానో లేదో పక్క క్వార్టరులో ఉండే సిస్టరమ్మ కొడుకు నుంచి ఫోను వచ్చింది. "అన్నా, అమ్మ పోయింది" అన్నాడు. జ్వరమని మూడు రోజుల కిందట ఖమ్మం తీసుకుపోయారు. ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందన్నారు. ముందురోజు సాయంత్రం నేను వెళ్ళి చూసినప్పుడు, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉండగానే "ఇయ్యాల నడిసినవా?" అని అడిగింది. "లేదమ్మా, నిన్ను చూడనీకి వచ్చిన" అన్నాను. "బస్టాండు కాడ్నించి ఆటోల వచ్చి ఉంటవ్" అన్నది. నిజమే. ఆటోలోనే వెళ్ళాను.

ఆమె మా పాల్వంచ కాలనీలో అందరికీ సిస్టరమ్మ. చర్ల వైపు అడవి ఊళ్ళలో సర్కారు నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక మా ప్లాంటులోనే ఉద్యోగం చేసే కొడుకు దగ్గరికి వచ్చింది. ఆమె భర్త అక్కడే బడిపంతులు, ఆమె రిటైర్ కాకముందే చనిపోయాడు. సన్నగా, పొడుగ్గా ఉండేది. చీర మీద తెల్ల కాన్వాసు బూట్లు వేసుకునేది. కుక్కల కోసమని చేతిలో ఎప్పుడూ ఒక గొడుగు. ఆదివారం చర్చికి కూడా ఆ బూట్లతోనే వెళ్ళేది. కోడలు సిగ్గుపడి చెప్పులు కొనిపెడితే వాటిని పనిమనిషికి ఇచ్చేసింది.

నేను కంట్రోల్ రూములో పనిచేస్తాను. ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చుని మీటర్లు చూడటమే పని. మధ్యమధ్యలో క్యాంటీన్ బజ్జీలు, మూడు చెంచాల చక్కెర వేసిన చాయ్. ఒక ఏడాది కంపెనీ దవాఖానాలో చేసిన పరీక్షలో నాకు షుగర్, కొలెస్ట్రాల్ రెండూ ఎక్కువున్నాయని తేలింది. ఆ కాగితం మడిచి స్కూటర్ డిక్కీలో పెట్టి, ఇంట్లో చెప్పకుండా ఊరుకున్నాను.

నిర్లక్ష్యం కాదు, భయం. మా నాయనకు షుగర్ ఉండేది. దమ్మపేటలో తెల్లారకముందే చేను చేరే మనిషి. కాలికి గుచ్చుకున్న ముల్లు పుండై, అది మానక, చివరికి మోకాలి కింద తీసేశారు. తర్వాత రెండేళ్ళు వసారాలో మంచం మీద కూర్చుని, దారిన పోయే ఎడ్లను పేరు పెట్టి పిలుస్తూ గడిపాడు. ఆ జబ్బు పేరు మా ఇంట్లో మళ్ళీ వినపడకూడదని నాకు.

మూడు నెలలు గడిచాయి. సేఫ్టీ బూటు ఒరుసుకుని బొటనవేలి దగ్గర చిన్న పుండు అయింది. మూడు వారాలైనా మానలేదు. కట్టు కట్టించుకుందామని సిస్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె వేలిని వెలుతురుకు తిప్పి చాలాసేపు చూసింది.

"షుగర్ చూపిచ్చుకున్నవా నాయనా?"

"చూపిచ్చిన. ఏం లేదన్నరు."

"నోరు అబద్ధం చెప్తది. కాలు చెప్పదు."

కట్టు కట్టడం పూర్తిచేసి, గోడ మీది నుంచి మా ఆవిడను పిలిచింది. "బిడ్డా, జర ఇటు రా. నీ పెనిమిటి నీకో మాట చెప్పాల్నంట" అన్నది. అలా చెప్పాల్సి వచ్చింది. మా ఆవిడ ఏడ్చింది. సిస్టరమ్మ ఆమెను ఏడవనిచ్చి, "ఇగ సాలు. రేపు పొద్దుగాల డాక్టర్ కాడికి పోదాం. మందు రాసేది ఆయన. నడిపిచ్చేది నేను" అన్నది.

మర్నాడు డాక్టర్ మాత్రలు రాసి, తిండీ నడకా సరిచేసుకోమన్నాడు. ఆ సాయంత్రమే సిస్టరమ్మ మా వంటింట్లోకి వచ్చి పీట వేసుకుని కూర్చుంది. అన్నం పూర్తిగా మాన్పించాలేమోనని మా ఆవిడ దిగులు.

"మాన్పిస్తే నాల్గు దినాలు మానుతడు. అయిదో దినం దొంగతనంగ తింటడు. అట్ల వద్దు" అని నా కంచం అడిగి తీసుకుంది. ముందు సగం కంచం నిండా బీరకాయ కూర పెట్టింది. పక్కన గట్టి పప్పు. మిగిలిన చోట ఒక్క గరిటె అన్నం. "ఇన్నేండ్లు అన్నంల కూర కలుపుకున్నవ్. ఇప్పటిసంది కూరల అన్నం కలుపుకో. గంతే తేడా" అన్నది.

గంతే తేడా అని ఆమెకు తేలిక. మొదటి వారం ఆకలికి కాదు, అలవాటుకు అల్లాడిపోయాను. రాత్రి పూట జొన్నరొట్టె తినమంటే అట్ట నమిలినట్టుండేది. మా ఆవిడకు రొట్టె కొట్టడం చేతకాదని తెలిసి సిస్టరమ్మ వరసగా వారం రోజులు వచ్చి కొట్టి చూపించింది. చాయ్‌లో చక్కెర మాత్రం ఒక్కసారిగా మాన్పించలేదు. వారానికి అర చెంచా చొప్పున తగ్గించింది. "నాలుక చంటిపిల్ల అసుంటిది. పాలు ఒక్కపారి మాన్పిస్తే ఊరంత లేపుతది" అనేది. నూనె సీసా మీద పెన్నుతో గీత గీసి, నెలంతా ఆ సీసాతోనే గడవాలని మా ఆవిడకు అప్పగించింది.

ఇక నడక. కిన్నెరసాని వైపు వెళ్ళే రోడ్డు మీద పొద్దున్నే మొదలు పెట్టించింది. మొదటి రోజు కల్వర్టు దాకా పోయేసరికి నాకు ఆయాసం. నాకంటే పాతికేళ్ళు పెద్దది, ఆమె గొడుగు ఊపుకుంటూ ముందు నడుస్తోంది. వారం పోయాక ఆమెకు నా జోరు చాలడం లేదని అనుమానం వచ్చింది.

"ఒక పాట పాడు" అన్నది.

చిన్నప్పుడు మా అమ్మ నాట్లేసేటప్పుడు పాడిన పాట ఒకటి ఎత్తుకున్నాను. రెండు చరణాలు పాడాను. బాగుందంటుందని చూస్తుంటే, "పాట పాడొస్తున్నదంటే నువ్వు నడుస్తలేవు. మాట్లాడొస్తుండాలె, పాట రావొద్దు. జల్దీ నడు" అన్నది. అప్పటి నుంచి మధ్యమధ్యలో "పాడు" అనేది. నేను నోరు తెరిచి ఊపిరి చాలక ఆగిపోతే సంతోషపడేది.

షిఫ్టులు మారుతుంటాయి, నడక కుదరదని ఒకసారి సాకు చెప్పాను. "షిఫ్టు మారితె అన్నం మానేస్తున్నవా? యాళ మార్చుకొని తింటున్నవ్ కద. నడక గూడ గంతే" అన్నది. రెండో షిఫ్టైతే పొద్దున, మొదటి షిఫ్టైతే సాయంత్రం, నేను ఎప్పుడంటే అప్పుడు బూట్లు వేసుకుని గేటు దగ్గర నిలబడేది.

నెలన్నర గడిచేసరికి ప్యాంటు వదులైంది. నాకు ఆశ ఎక్కువైంది. ఇంకా తొందరగా తగ్గాలని, మాత్ర వేసుకుని టిఫిను తినకుండా నడకకు బయలుదేరాను. కల్వర్టు దాటాక చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, రోడ్డు వంగిపోయినట్టయింది. సిస్టరమ్మ నన్ను కల్వర్టు గోడ మీద కూర్చోబెట్టి, దారిన పోతున్న పాలబ్బాయిని ఆపి పక్క హోటల్ నుంచి చక్కెర నీళ్ళు తెప్పించి తాగించింది. నాకు స్థిమితం వచ్చాక తిడుతుందనుకున్నాను. ఆమె కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది.

"మా సార్ గూడ ఇట్లనే పడిపోయిండు నాయనా, బడిల" అన్నది. భర్తను ఆమె సార్ అనే పిలిచేది. "ఊరూరు తిరిగి అందరికి చెప్పిన. మా సార్‌కు చెప్పలేకపోయిన. 'నర్సమ్మా, నీ డ్యూటీ దవాఖానల చెయ్యి' అని నవ్వేటోడు. నేను గూడ నవ్వి ఊకున్న. నిన్నైతె ఇడిసిపెట్ట. గని నువ్వు నాకు చెప్పకుంట ఇసుంటి పనులు చెయ్యొద్దు."

అప్పుడు అర్థమైంది, ఆమె రోజూ నా వెంట ఎందుకు నడుస్తోందో. ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పించింది. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, దాంతోపాటు ఏం తినాలో మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకున్నాం.

మూడు నెలలు నిండాక మళ్ళీ రక్తపరీక్షకు వెళ్ళాం. వేలి పుండు ఎప్పుడో మానింది. షుగర్ బాగా దిగింది, కొలెస్ట్రాలూ తగ్గింది. డాక్టర్ ఒక మాత్ర సగం చేశాడు. అంతకుముందు ల్యాబులో నేను సూది పొడిపించుకుంటుంటే, "నీకు తోడుగ నేను గూడ ఇస్త" అని సిస్టరమ్మ సరదాగా చెయ్యి చాపింది. నా కాగితం చదివి వినిపించింది. తన కాగితం మాత్రం మడిచి సంచిలో వేసుకుంది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆమె నడకకు వచ్చింది గానీ, పరీక్ష సంగతి ఎత్తితే వాన గురించో కరెంటు గురించో మాట్లాడేది. అయిదో రోజు నేనే నిలదీశాను.

"సిస్టరమ్మా, నోరు అబద్ధం చెప్తది. కాగితం చెప్పదు."

ఆగిపోయింది. గొడుగు నేలకు ఆనించి పకపకా నవ్వింది. "అవ్ నాయనా, దొరికిపోయిన. షుగర్ లేదు గని, కొలెస్ట్రాలు నీకన్న ఎక్కువున్నది. సన్నగున్నోళ్ళకు రాదనుకున్న. ముప్పై ఏండ్లు నర్సు పని చేసిన, సిగ్గయితున్నది."

సిగ్గుకు కారణం ఆమె వంటింట్లో దొరికింది. తోలుతో వండే ఆదివారపు కోడికూర, డాల్డాలో వేగే పూరీలు, క్రిస్మస్‌కు నెల ముందే మొదలయ్యే కేకులు. ఇక ఆమెను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడం నా వంతైంది. మాత్ర రాశాడు. ఆ నూనె సీసా గీత ఈసారి ఆమె ఇంట్లో నేను గీశాను. కోడి మానేశానని ఆమె ప్రభువు మీద ఒట్టేసినా నేను నమ్మనని ఇద్దరికీ తెలిసి, తోలు తీసి, తక్కువ నూనెతో వండితే చాలని రాజీకి వచ్చాం. క్రిస్మస్ రోజు ఒక్క ముక్క కేకు. ఆ ఒక్క ముక్క ఎంత పెద్దదిగా కోసుకోవచ్చో నేను ముందే చెప్పనందుకు ప్రతి ఏడాదీ ఆమే గెలిచేది.

అలా ఆరేళ్ళు నడిచాం. ఆమె అంకె దిగింది, మళ్ళీ కొంచెం ఎక్కింది, మళ్ళీ దిగింది. నాదీ అంతే. ఎక్కినప్పుడు తిట్టుకునేవాళ్ళం కాదు. "ఒళ్ళు మనది కాదు నాయనా, దేవుడు చూసుకొమ్మని మన చేతుల పెట్టిండు. చేతనైనన్ని దినాలు సక్కగ చూసుకుందాం" అనేది. నేను ఆమె దేవుడిని కొలవను. కానీ ఆ మాట కాదనడానికి నాకెప్పుడూ ఏమీ దొరకలేదు.

భర్త సమాధి పక్కనే పెట్టమన్నదని ఆమెను చర్ల తీసుకెళ్ళాం. గుంతల రోడ్డు మీద జీపు మెల్లగా నడిచింది. క్యాంపు దగ్గర పోలీసులు ఆపి, పెట్టె చూసి, టోపీలు తీశారు. చర్చి వెనక సమాధుల దగ్గర అడవి ఊళ్ళ నుంచి వచ్చిన కోయ ఆడవాళ్ళు అప్పటికే నిలబడి ఉన్నారు. తమ భాషలో ఏదో చెప్పుకుంటూ ఒక్కొక్కరే పిడికెడు మట్టి వేశారు. పెద్దామె ఒకామె నాతో తెలుగులో, "నా పిల్లలు ముగ్గురు ఆమె చేతులనే పుట్టిండ్రు" అని చెప్పింది.

ప్రార్థన అయ్యాక, వాళ్ళను ఊరిదాకా జీపులో దింపుతానన్నాను. "మా ఊరికి జీపు రాదు అయ్యా" అని నవ్వి బయలుదేరారు. ఒకరి వెనక ఒకరుగా పోడు చేల మధ్య బాటలో నడిచిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. అందరికంటే వెనక పోతున్న పడుచుదాని భుజం మీద పసిపిల్ల నిద్రపోతోంది. ఆ నడకకు తగ్గట్టు, తల్లి వీపు మీదికి జారిన చిన్న చెయ్యి ఊగుతూ ఊగుతూ చెట్లలోకి వెళ్ళిపోయింది.